పాత భవనంలో ప్రదర్శనశాల: గదిని చదవడం

ఈ పాఠంలో విమర్శకు తీసుకుంటున్నది ఒక చిత్రమో శిల్పమో కాదు, వాటిని పెట్టే చోటు. పద్యం మీద, నాటకం మీద, చిత్రం మీద విమర్శ రాయడం మనకు అలవాటే. ప్రదర్శనశాల మీద మాత్రం మన పత్రికల్లో సాధారణంగా వచ్చేది ప్రారంభోత్సవ వార్త: ఎవరు రిబ్బను కత్తిరించారు, ఎంత ఖర్చయింది, వేదిక మీద ఎంతమంది పెద్దలు కూర్చున్నారు. లోపల బొమ్మ సరిగా కనబడుతోందా అన్న ప్రశ్న ఆ వార్తలో ఉండదు. ఆ ప్రశ్న అడగడం మీకు అలవాటు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఒక రకం భవనాన్ని దృష్టిలో పెట్టుకుందాం. వందేళ్ల కిందటో, కాస్త అటూ ఇటూనో ఒక కళాసమాజం కట్టుకున్న భవనం. అందులో ఒక పెద్ద హాలు. గోడలకు కొన్ని చిత్రాలు, గతించిన సభ్యుల ఫోటోలు, ఒక బీరువా నిండా పాత కాగితాలు. వానాకాలంలో కప్పు కారుతుంది. కమిటీ సమావేశమై హాలును 'ఆధునిక ప్రదర్శనశాల'గా మార్చాలని తీర్మానిస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పైన ఫాల్స్ సీలింగ్ వస్తుంది. కింద విట్రిఫైడ్ టైల్స్ వస్తాయి. కిటికీలకు ప్లైవుడ్ అడ్డం పడుతుంది, దాని మీద తెల్లరంగు, ఆ రంగు మీద ఫోకస్ లైట్లు. హాలు శుభ్రంగానే ఉంటుంది. కాని అది హిందూపురంలో ఉందో, ఏ విమానాశ్రయంలో ఉందో చెప్పడానికి గుర్తు మిగలదు.

ఇది ఫిర్యాదు. ఫిర్యాదుతోనే విమర్శ పూర్తికాదు. కారే కప్పు కింద నీటిరంగుల చిత్రం ఉండగా 'పాతదాన్ని ముట్టుకోవద్దు' అనడం కూడా బాధ్యత లేని మాటే. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు, ఎందుకు అన్నది విడమరచి చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను: పాత భవనంలో కొత్త ప్రదర్శనశాల ఏర్పరచేవారు మొదట ఆ గదిని ఒక పాఠ్యంలాగా చదవాలి. ఆ గదిని ఎవరు, ఏ పనికి, ఏ వెలుగు కోసం కట్టారో తెలుసుకోకుండా గీసిన నమూనా ఎంత ఖరీదైనదైనా గదినీ చెడగొడుతుంది, బొమ్మనూ చెడగొడుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల విద్యార్థులను మనసులో పెట్టుకొని రాస్తున్నాను కనుక మొదటి ఉదాహరణలు మీకు బస్సు దూరంలో ఉన్నవే తీసుకున్నాను.

తలెత్తి చూసే ప్రదర్శన

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అక్కడి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారని ప్రసిద్ధి. మీలో చాలామంది బడిపిల్లలుగా వెళ్లి, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, పెద్ద నంది ముందు ఫోటో దిగి వచ్చి ఉంటారు. ఈసారి ఆ రెండూ పక్కనపెట్టి నాట్యమండపంలో నిలబడండి.

పైన చిత్రాలు పొడవాటి పట్టీలుగా సాగుతాయి. రాతిదూలాల మధ్య కప్పు ఎలా సాగితే బొమ్మ కూడా అలాగే సాగింది. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ, పార్వతీ కల్యాణం. వీటిని ఒకచోట నిలబడి చూడలేరు. కథ ముందుకు పోవాలంటే మీరు నడవాలి. మెడ ఎత్తుకొని నడవాలి, దారిలో స్తంభాన్ని తప్పుకోవాలి. ఇవాళ మనం 'ప్రదర్శన క్రమం' అని పిలిచేది ఇక్కడ కట్టడంలోనే ఉంది. ఏది ముందు ఏది వెనుక అన్నది బోర్డు మీది బాణం గుర్తు కాదు, దూలం చెబుతుంది.

వెలుగు సంగతి ఇంకా గమనించదగ్గది. ఎండ నేరుగా కప్పును తాకే వీలు లేదు. అది బయటి రాతినేల మీద పడి, స్తంభాల సందుల్లోంచి మెత్తబడి పైకి చేరుతుంది. ఆ మెత్తని వెలుగులోనే ఎర్రమట్టి రంగూ, పసుపూ, నల్లని రూపురేఖా ఒకదానితో ఒకటి పొసగుతాయి. అక్కడ ఒక బలమైన ఫోకస్ లైటు పెట్టామనుకోండి. బొమ్మ ఇంకా బాగా కనబడుతుందని అనుకుంటాం. నిజానికి గుండ్రంగా ఒక్కచోట వెలిగి, చుట్టూ ఉన్నది చీకట్లోకి జారుతుంది. పెచ్చులూడిన చోట నీడ పడి పగులే ముందు కంటికి తగులుతుంది. పట్టీగా సాగిన కథ చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది.

లేపాక్షి కళాసమాజ భవనం కాదు. అది భారత పురావస్తు సర్వే రక్షణలో ఉన్న ఆలయం, 2022 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా ఉంది. అక్కడ ఏదో మార్చాలని నేను సూచించడం లేదు. బొమ్మ, గది, వెలుగు, నడక ఒకే ఆలోచనలోంచి పుట్టినప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తే, అవి విడిపోయినచోట లోపం పట్టుకోవడం మీకు తేలికవుతుంది. అందుకే ముందు అక్కడికి తీసుకెళ్లాను.

ఖాళీగా కనిపించే గది

పెనుకొండ గగనమహల్‌ది ఎదురు పరిస్థితి. 1565 యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్న తర్వాత పెనుకొండ రాజధాని అయిందని మీరు చరిత్ర పాఠంలో చదివారు. గగనమహల్‌లో కింద కమానుల గదులు, పైన ఆలయ శిఖరాన్ని గుర్తుచేసే బురుజు. ముస్లిం వాస్తు పద్ధతీ, దేవాలయ పద్ధతీ కలిసిన కట్టడం. ఇలాంటి ఖాళీ చారిత్రక గదిలోకి వెళ్లిన ఏ కళాభిమానికైనా 'ఇక్కడ ఒక మ్యూజియం పెడితే ఎంత బాగుండు' అనే మాట నోట్లోంచి వస్తుంది.

ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించండి. కమాను గదిలో నిటారు గోడ కొద్దిగానే ఉంటుంది. కొంత ఎత్తుకు వెళ్లాక గోడ వంగి కప్పుగా మారుతుంది. చదునైన చట్రం కట్టిన చిత్రాన్ని వంపు మీద ఆనిస్తే అది ముందుకు వాలి, అద్దంలో కిటికీ ప్రతిబింబిస్తుంది. గోడకు మేకు కొడదామంటే అది సున్నపు గచ్చు. డ్రిల్లు పెట్టిన చోట రంధ్రం ఒక్కటే పడదు, చుట్టూ అరచేయంత పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చును సిమెంటుతో పూస్తారు. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. సిమెంటు అతుకు ఆ తేమను ఆపేస్తుంది, అది పక్కనుంచి దారి చేసుకొని మరో పెచ్చును ఊడదీస్తుంది. గది ఖాళీగా ఉందని మనం అనుకున్నాం. గోడ, గచ్చు, కమాను, వాటి మీద పడే వెలుగు అన్నీ అందులో అప్పటికే ఉన్నాయి. కొత్తగా వచ్చేవాటికి అవి చోటివ్వాలంటే ముందు వాటిని అడగాలి.

ఎలా అడగాలో చూపించిన పేరున్న ఉదాహరణ ఇటలీలో వెరోనా నగరంలోని కాస్టెల్‌వెక్కియో. అది 14వ శతాబ్దపు కోట. 1920ల్లో దాన్ని మ్యూజియంగా మార్చినప్పుడు, పాత కాలపు సంపన్నుల ఇళ్లలా కనబడాలని లేని అలంకారాలు తెచ్చిపెట్టారు. ప్రధానంగా 1958 నుంచి 1964 దాకా కార్లో స్కార్పా అనే వాస్తుశిల్పి దాన్ని తిరిగి రూపొందించాడు. ఆయన కొత్తగా వేసిన నేలను గోడదాకా తీసుకుపోలేదు. అంచున సన్నని సందు వదిలాడు. గది మధ్య చాప పరిచినట్టు ఉంటుంది. పాత గోడ ఎక్కడ ఆగింది, కొత్త నేల ఎక్కడ మొదలైంది అన్నది మీ కంటికి తెలుస్తుంది. చాలా చిత్రాలను గోడకు బిగించక, గది మధ్యలో వాటి కాళ్ల మీద అవి నిలబడేలా స్టాండ్ల మీద పెట్టాడు. రేపు ఇంకొకరు వచ్చి అవన్నీ తీసేసినా కోటకు గాయం ఉండదు.

ఇక్కడ వెరోనాను మెచ్చుకొని ఊరుకుంటే మనకు లాభం లేదు. స్కార్పాకు దొరికిన డబ్బు, పనివాళ్లు, ఏళ్లకేళ్ల వ్యవధి మన జిల్లా కమిటీకి దొరకవు. కాని గోడకు నాలుగు అంగుళాలు వదిలి నిలబడే చెక్కచట్రం చేయడానికి ఇటలీ అక్కర్లేదు, ఊళ్లో మంచి వడ్రంగి చాలు.

గోడకు బిగించడం వల్ల ఏమవుతుందో తెలియడానికి మన అమరావతి శిల్పాలే సాక్ష్యం. మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి చేరిన ఫలకాలను 1880ల్లో సిమెంటుతో గోడల్లోకి పొదిగారు. స్తూపానికి గుండ్రంగా చుట్టూ నిలిచిన రాళ్లు, ప్రదక్షిణ చేస్తూ చూడవలసినవి, పటాల్లాగా చదును గోడెక్కాయి. రాయికి జరిగే హాని వేరే ఉంది: సిమెంటులోని లవణాలు తేమతో కలిసి రాతిలోకి ఇంకుతాయి. నాకు మాత్రం ఆ నడక పోవడమే పెద్ద నష్టంగా తోస్తుంది. లవణాన్ని రసాయనికులు కొంతవరకు తీయగలరు.

చెవి కోసం కట్టిన హాలు

ఇప్పుడు మన కళాసమాజాల సొంత భవనాల దగ్గరికి వద్దాం. తెలుగునాట 'కళాసమాజం' అన్న మాట ఎక్కువగా దేనికి వాడారో గుర్తుచేసుకోండి. నాటకానికి. ధర్మవరంలో 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలుగా ఉంటూ 1880ల్లో సరసవినోదినీ సభను నడిపారు. 'చిత్రనళీయం', 'విషాద సారంగధర' ఆ రోజుల పంటే. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ ఆ వాతావరణంలోనే పెరిగాడు. అదే ఊళ్లో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పోటీగా నిలిచింది. 1882లో అనంతపురం జిల్లా వేరుపడేదాకా ధర్మవరం, పెనుకొండ బళ్లారి జిల్లాలోవే కాబట్టి ఈ చరిత్ర మన ఇంటిదే.

నాటకసమాజం వాళ్లు హాలు కడితే దేనికి కడతారు? మాట వినబడడానికి, పద్యం చివరి వరసదాకా చేరడానికి. ఒక కొసన వేదిక. రెండు పక్కలా వరుస తలుపులు, విరామంలో జనం బయటికి పోవడానికి. గోడ పైభాగాన వెంటిలేటర్లు, వేడి పోవడానికి. మరి బొమ్మలు వేలాడదీయడానికి గోడ ఎక్కడుంది? తలుపుకూ తలుపుకూ మధ్య మూడు నాలుగు అడుగులు. మన పాత సమాజ భవనాల్లో చిత్రాలు తలుపుల పైన, అందనంత ఎత్తులో, ముందుకు వాల్చి కట్టి ఉండడానికి కారణం ఇదే. ఆ ఎత్తు ఫోటోలోని పెద్దమనిషికి దండ వేయడానికి సరిపోతుంది, చిత్రం చూడడానికి సరిపోదు. నిలబడిన మనిషి కంటికి చిత్రం నడిమి భాగం నేలనుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఇబ్బంది ఉండదని ప్రదర్శనశాలల వాళ్ల లెక్క. మన హాళ్లలో చిత్రం దానికి రెట్టింపు ఎత్తులో ఉంటుంది.

నేను చూసిన ఒక పట్టణంలో ఇలాంటి హాలుకు 'ప్రదర్శనశాల' హోదా ఇచ్చారు. ఊరి పేరు ఎందుకు. వెంటిలేటర్లకు కింద ఫాల్స్ సీలింగ్ వేశారు. పక్క తలుపులన్నీ మూసి గోడ సంపాదించారు. వేదికను పగలగొట్టి నేల సమం చేశారు. కొలతల ప్రకారం చూస్తే ప్రదర్శనకు గోడ మూడు రెట్లు పెరిగింది. మొదటి వేసవిలోనే లోపల పది నిమిషాలు నిలబడడం కష్టమైంది, ఎందుకంటే వేడి పోయే దారి సీలింగ్ పైన ఉండిపోయింది. ఆ ఊరి నాటకసంఘం రిహార్సల్సుకు కల్యాణ మంటపం అద్దెకు తీసుకుంటోంది. ఆ హాలును కట్టించిన సంఘానికి ఆ హాల్లో చోటు లేకుండా పోయింది.

అదే హాలును మరోలా చేసి ఉండవచ్చు. వేదికను అలాగే ఉంచి, దాని మీద ఒకటో రెండో ముఖ్యమైన కృతులను నిలబెడితే, తలుపు తీసి లోపలికి వచ్చినవాడి చూపు ఎలాగూ అటే పోతుంది. హాలును కట్టిందే ఆ చూపు కోసం. హాలు నడుమ మడతపెట్టగల చట్రాల మీద మిగతా చిత్రాలు. నాటకం ఉన్న రోజు చట్రాలు పక్కకు పోతాయి. గోడ మీద మేకు పడదు. ఇది రాజీ కాదా అని మీరు అడగవచ్చు. రాజీయే. సొంత ఆస్తి ఒక్క హాలు మాత్రమే ఉన్న సమాజానికి అంతకంటే మంచి పరిష్కారం నాకు కనబడలేదు.

రాజమండ్రి గోడ

చిత్రకళ కోసమే పుట్టిన సమాజానికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ రాజమండ్రి. మన సీమ నుంచి గోదావరి దాకా వెళ్లడం ఎందుకంటే, పైన చెప్పిన చిక్కులకు తోడు అక్కడ మరో చిక్కు ఉంది: భవనం ఎవరిని గుర్తుపెట్టుకోవాలి అన్నది.

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ పిల్లవాడి చేతిని గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగి వచ్చి, రాజమండ్రిలో చిత్రకళాశాలను, ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్‌ను నెలకొల్పాడు. 1925లో మశూచితో పోయాడు. అప్పటికి 28 ఏళ్లు నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం బడిని నిలబెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే. ఆయన పేరుతో వెలసిన చిత్రశాల ఇవాళ ప్రభుత్వ ఆధీనంలో ఉంది. తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, రేఖాచిత్రాలు, స్కెచ్ పుస్తకాలు అక్కడ ఉన్నాయి.

ఇలాంటి చిత్రశాలను తిరిగి రూపొందించమని మీకు అప్పగించారనుకోండి. అందరికీ తోచే నమూనా ఒకటుంది. దాన్ని నేను 'నాయకుడి నమూనా' అంటాను. గుమ్మం ఎదురుగా రామారావు నిలువెత్తు ఫోటో. పెద్ద తైలవర్ణ చిత్రాలు మధ్య గదిలో, మంచి లైట్ల కింద. స్కెచ్ పుస్తకాలు అద్దాల పెట్టెలో, ఒక్కో పుస్తకం ఒక్కో పుట తెరిచి. భార్య చిత్రాలు, చెల్లెలి చిత్రాలు, వెంకటరత్నం చిత్రాలు నడవాలోనో, మెట్ల పక్కనో 'ఇతరులు' అన్న శీర్షిక కింద. బడి ఎక్కడ? బడికి చోటు చాలదు కనుక మరో భవనానికి.

ఈ నమూనాలో ఒక్క వాక్యం కూడా అబద్ధం లేదు. అయినా అది మొత్తంగా తప్పు చెబుతుంది. అకాలంగా పోయిన ఒక మేధావి స్మారకం అన్న కథను గోడలు చెబుతాయి. జరిగింది వేరు. ఆ మేధావి పోయాక నలుగురు కూడి బడిని బతికించారు. ఒకరి చూపు మరొకరి చేతిలోకి వెళ్లింది. ఆ రోజుల్లో ఇంటి ఆడవాళ్లు కుంచె పట్టి, పేరు పెట్టి బొమ్మలు వేశారు. ఈ కథ చూపించాలంటే సత్యవాణి చిత్రం రామారావు చిత్రం పక్కనే, అదే ఎత్తులో, అదే వెలుగులో ఉండాలి. అప్పుడు చూసేవాడు తానే పోల్చుకుంటాడు: రేఖ ఎక్కడ ఒకటిగా ఉంది, ఎక్కడ విడిపోయింది. ఆ చిత్రాలు రామారావు చిత్రాలంత గొప్పవి కావని తేలినా పరవాలేదు. ఆ తీర్పు చూసేవాడు ఇవ్వాలి, నడవా ఇవ్వకూడదు.

బడి విషయంలో నేను ఇంకా పట్టుదలగా ఉంటాను. కనీసం ఒక బల్ల, నాలుగు స్టూళ్లు, ఉత్తరం వైపు కిటికీ ఒకటి, కూర్చొని చూసి గీసుకునేవాళ్ల కోసం చిత్రాల నడుమే ఉండాలి. లండన్ రాయల్ అకాడమీ 2018లో తన 250వ ఏట డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ చేత రెండు పాత భవనాలను కలిపించింది. ఆ కొత్త దారిని అకాడమీ తన చిత్రకళాపాఠశాల ప్రాంతం మీదుగానే వేయించింది. నిధుల్లో వారితో మనకు పోలిక లేదు కాని, ఆ దారి వేయడం వెనుక ఉన్న ఆలోచనకు డబ్బు పెద్దగా అక్కర్లేదు.

విజయవాడలోని విక్టోరియా జూబిలీ మ్యూజియం, అంటే ఇప్పటి బాపు మ్యూజియం, ఇటీవలి ఉదాహరణ. దాని శంకుస్థాపన 1887లో జరిగింది; చేసింది రాబర్ట్ సూయెల్, విజయనగరం మీద పుస్తకం రాసి పెనుకొండ పేరును ఇంగ్లీషు పాఠకులకు చేర్చినవాడే. 1921 కాంగ్రెసు సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీజీకి పతాక నమూనా అందించిన సందర్భంతో ఈ భవనాన్ని జతచేసి చెబుతారు. 2020 అక్టోబరులో కొత్త హంగులతో తిరిగి తెరిచారు. ఫోన్లో యాప్ పెట్టుకొని విగ్రహాల ముందు నిలబడితే వివరణ వస్తుంది. పాత భవనాన్ని కూల్చక నిలిపినందుకు అభినందించాల్సిందే. యాప్ మీద నాకు పెద్ద విరోధం లేదు, చదవలేనివారికి అది మేలు కూడా. కాని విగ్రహం ముందు నిలబడినవాడు ఎంతసేపు విగ్రహాన్ని చూశాడు, ఎంతసేపు తెరను చూశాడు అన్నది ప్రదర్శన విమర్శకుడు గడియారం పెట్టుకొని గమనించవలసిన విషయం. మీరు వెళ్లినప్పుడు లెక్కపెట్టండి.

వెలుగుకు ధర్మవరం లెక్క

ఇక కొలతలు. నీటిరంగుల చిత్రానికీ, కాగితానికీ, పట్టుకూ వెలుగు శత్రువు. ప్రదర్శనశాలలు వీటికి సుమారు 50 లక్సుల వెలుగు చాలంటాయి. తైలవర్ణ చిత్రానికి 200 దాకా పరవాలేదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్సులకు చేరవచ్చు. వెలిసిన రంగును ఏ నిపుణుడూ తిరిగి తేలేడు. చూసేవాడికేమో ఇంకాస్త వెలుగు కావాలి.

ఈ తగాదాను ధర్మవరం చీరల అంగడివాళ్లు ఎప్పుడో తీర్చారు. మంచి పట్టుచీరను ఎవరూ ఏడాది పొడవునా కిటికీలో ఆరేయరు. అది మడతల్లో, బీరువాలో, చీకట్లో ఉంటుంది. కొనేవాళ్లు వచ్చాక తెల్లని పరుపు మీద విప్పుతారు. రంగు మీద అనుమానం వస్తే 'వాకిట్లోకి తెచ్చి చూడమ్మా' అంటారు. రెండు నిమిషాలు పగటి వెలుగు, తర్వాత మళ్లీ మడత. నూరు చీరలున్నా ఒక్కసారి మీ ముందు ఉండేవి పది. ప్రదర్శనశాల భాషలో దీన్ని సొరుగుల పద్ధతి అనీ, వంతుల పద్ధతి అనీ అంటారు. రామారావు స్కెచ్ పుస్తకాల వంటివాటికి ఇదే సరైన దారి: గోడ మీద కొన్ని, మిగతావి సొరుగుల్లో, అడిగినవారికి తీసి చూపించే మనిషి ఒకరు, ఆరు నెలలకోసారి మార్పు. గోడలన్నీ నింపాలనే కమిటీ ఆత్రాన్ని ఇది కొంత తగ్గిస్తుంది కూడా.

వాతావరణమూ లెక్కలోకి రావాలి. రాజమండ్రిలో గోదావరి గాలి తేమ. కాగితానికి బూజు భయం. మన సీమలో గాలి పొడి. దుమ్ము భయం, ఎండకు చెక్క చీలే భయం. అక్కడి నమూనాను ఇక్కడ దించుకోలేం. ఏసీ పెడితే అన్నీ తీరతాయనేవారు దాని తర్వాతి మాట చెప్పరు. పగలంతా నడిపి, కరెంటు బిల్లుకు భయపడి రాత్రి ఆపేస్తే, రోజూ గది చల్లబడి వేడెక్కుతుంది. కాగితం, చెక్క, రంగుపొర ఒకదానికొకటి వేర్వేరు మోతాదులో సాగి ముడుచుకుంటాయి. నిలకడగా కాస్త వేడిగా ఉన్న గది, రోజూ ఊగిసలాడే చల్లని గదికంటే వాటికి మేలు. మందపు గోడలు, సున్నం పూత, పడమటి కిటికీలకు చూరు, కప్పు మీద మరమ్మతు: డబ్బు తక్కువ ఉన్న సమాజం ముందు వీటి మీద ఖర్చు పెట్టాలి. వీటిని ప్రారంభోత్సవంలో చూపించలేం, అందుకే అంచనాల పట్టికలో వీటి వంతు చివరికి పోతుంది.

మీ అభ్యాసం

మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో యాభై ఏళ్లు దాటిన ఒక హాలును ఎంచుకోండి. నాటకసంఘానిది, గ్రంథాలయానిది, పురపాలక సంఘానిది, ఏదైనా పరవాలేదు. అడిగి అనుమతి తీసుకోండి. ఒక కాగితం మీద గది నమూనా గీసి, తలుపులు, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో గుర్తించండి. లోపలికి వచ్చిన మనిషి చూపు మొదట ఎక్కడ ఆగుతుందో పది మందిని గమనించి చుక్కలు పెట్టండి. ఇప్పటి ఫోన్లలో వెలుగును కొలిచే యాప్‌లు దొరుకుతాయి. అంకెలు ఖచ్చితం కాకపోయినా పోల్చుకోవడానికి పనికివస్తాయి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకు నాలుగు గోడల దగ్గరా కొలిచి రాయండి. ఆ గదిలో ఇప్పుడు ఏ పని జరుగుతోందో, ఎవరు వస్తున్నారో కూడా రాయండి. ప్రదర్శన పెడితే వాళ్లు ఎక్కడికి పోవాలో పక్కన రాయండి. ఆ తర్వాతే మీ ప్రతిపాదన మొదలుపెట్టండి. గోడకు మేకు కొట్టకుండా ఎన్ని చిత్రాలు నిలబెట్టగలరో అందులో చెప్పాలి.

సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చుకోండి. పడమటి గోడను మాత్రం మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి కొలిచి, రెండు అంకెలూ పక్కపక్కన వేసి ఉంచండి.